సెట్టింగ్స్ స్క్రీన్‌లో మూడు చిన్న బగ్గులు, జనవరి నుంచి మే దాకా: నా అనుభవం

జనవరి చివర్లో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా మార్పులు పంపగల) కోడ్ ఎడిటర్ టికెట్ల (బగ్గుల ఫిర్యాదుల) జాబితాలోంచి మూడు టికెట్లు తీసుకున్నాను. మూడూ సెట్టింగ్స్ స్క్రీన్‌వే. ఒకటి, విండో ఇరుకైతే కుడి చివర ఉండాల్సిన ‘రీసెట్’ బటన్ మాయమవుతోంది. రెండు, కొన్ని చెక్‌బాక్సుల దగ్గర స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) పేరు చెప్పకుండా ‘చెక్ బాక్స్’ అని ఊరుకుంటోంది. మూడు, లేబుళ్లలో సీఎస్ఎస్, హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల రూపానికి, నిర్మాణానికి వాడే భాషలు) లాంటి ఇంగ్లిష్ పొట్టిపేర్లకు మొదటి అక్షరం ఒక్కటే క్యాపిటల్ వస్తోంది, మిగతావన్నీ చిన్నవి. మూడింటికీ ‘కొత్తవాళ్లకు అనువైనది’ అన్న ట్యాగు తగిలించి ఉంది. ఒకదాని కింద ఎవరో ‘శనివారం మధ్యాహ్నం పని’ అని కూడా రాశారు.

ఆఖరి ముక్క విడుదలలోకి వెళ్లేసరికి మే నెల వచ్చింది. ఈ మధ్యలో కోడ్ రాస్తూ కూర్చున్న సమయం తక్కువే. మిగతాదంతా ఎటు పోయిందో ఇలాంటి టికెట్ తీసుకోబోయేవాళ్లకి తెలియాలని రాస్తున్నాను.

బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా కట్టడం) గురించి పెద్దగా చెప్పను. ఎడిటర్ వెబ్ పద్ధతిలో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్ మీద నడుస్తుంది, అంటే లోపల ఉన్నది క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియమే. స్క్రీనంతా హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌తో కట్టినదే కాబట్టి వెబ్ పేజీలు చేసిన చేతికి కొత్తగా ఏమీ ఉండదు. నోడ్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) వెర్షన్ కుదరక, నేటివ్ మాడ్యూళ్లు కంపైల్ కాక మొదటి సాయంత్రం పోయింది. రిపాజిటరీ (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) చరిత్రంతా అక్కర్లేదని షాలో క్లోన్, అంటే తాజా రూపం మాత్రమే, చేసుకున్నాను, చాలా త్వరగా దిగింది. తర్వాత ఒక సీఎస్ఎస్ లైను ఎవరు, ఎందుకు పెట్టారో చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం చరిత్ర మొత్తం కావలసివచ్చింది. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను. లేఅవుట్ బగ్గు పట్టుకునేవాళ్లకి పాత కమిట్‌లు (గతంలో చేసిన మార్పుల నమోదులు) కచ్చితంగా అవసరమవుతాయి, ముందే దించుకోండి.

అసలు ఎదురుచూపు బగ్గును కళ్లారా చూడడంతో మొదలైంది. టికెట్‌లో ఉన్న స్క్రీన్‌షాట్‌లో రీసెట్ బటన్ లేదు. నా దగ్గర విండోని ఎంత కుదించినా బటన్ అక్కడే ఉంది. నా సొంత సెట్టింగులు అడ్డొస్తున్నాయేమోనని ఖాళీ ప్రొఫైల్‌తో తెరిచాను, ఎక్స్‌టెన్షన్లన్నీ (ఎడిటర్‌కి అదనంగా తగిలించుకునే ప్రోగ్రాములు) ఆపేశాను. అయినా బటన్ చక్కగా కనబడుతోంది. టికెట్ పెట్టినవాళ్లని ‘మీ విండో వెడల్పు ఎంత, జూమ్ ఎంత, ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి’ అని అడిగాను. దాదాపు రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు.

జవాబు వచ్చాక ఆ ఆలస్యం మీద విసుగంతా పోయింది. ఆయనకి చూపు బాగా తక్కువట. ఎడిటర్‌ని ఎప్పుడూ 200 శాతం జూమ్‌లోనే వాడతారు. రీసెట్ బటన్ కోసం ప్రతిసారీ జూమ్ తగ్గించి, ముఖం స్క్రీన్‌కి ఆనించి, నొక్కి, మళ్లీ పెంచుకుంటున్నారు. టికెట్‌లో ఈ సంగతి రాయలేదేమని అడిగితే, అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నానన్నారు. వెబ్ అందుబాటు ప్రమాణాలు డబ్ల్యూసీఏజీలో అక్షరాలు 200 శాతానికి పెంచినా ఏదీ పోకూడదని ఒక నియమం ఉంది. 1280 పిక్సెళ్ల వెడల్పు తెరని 400 శాతానికి పెంచితే మిగిలే 320 సీఎస్ఎస్ పిక్సెళ్లలో కూడా పక్కకి స్క్రోల్ చేయకుండా చదవగలగాలని ఇంకొకటి ఉంది. ఈ అంకెలు అంతకుముందు చదివి వదిలేసినవే. ఆయన ఉత్తరం చదివాక 200 శాతం దగ్గర ఎడిటర్‌ని ఓ పూట వాడి చూశాను. బటన్ ఒక్కటే కాదు, సగం స్క్రీన్ ఒకదాని మీద ఒకటి పడి ఉంది.

ఆయన ఇంకో ఆచూకీ కూడా ఇచ్చారు. ఒక ఎక్స్‌టెన్షన్ సెట్టింగులో ఎంపిక పేరే పూర్తి వాక్యమంత పొడుగుందట. అది వేసుకోగానే బగ్గు నా దగ్గరా ప్రత్యక్షమైంది.

వరుస అంతా ఫ్లెక్స్‌బాక్స్, అంటే మూలకాల్ని పక్కపక్కన సర్దే సీఎస్ఎస్ పద్ధతి. ఎడమవైపు డ్రాప్‌డౌన్, కుడివైపు బటన్. ఫ్లెక్స్‌లో ఉన్న మూలకానికి ‘మిన్-విడ్త్’ మామూలుగా ‘ఆటో’ ఉంటుంది, అంటే తన లోపలి సరుకు కనీస వెడల్పు కంటే తక్కువకి అది కుంచించుకోదు. డ్రాప్‌డౌన్ వెడల్పేమో దానిలో అన్నిటికంటే పొడుగాటి ఎంపికని బట్టి వస్తుంది. వాక్యమంత ఎంపిక ఉంటే డ్రాప్‌డౌన్ వరుసంతా ఆక్రమించి బటన్‌ని బయటికి నెట్టేస్తుంది. మందు ఒకే లైను: ఆ మూలకానికి ‘మిన్-విడ్త్’ సున్నా. డెవలపర్ టూల్స్‌లో (నడుస్తున్న స్క్రీన్‌ని అక్కడికక్కడే మార్చి చూసే పనిముట్లు) అది టైపు చేయగానే బటన్ ఎక్కడినుంచో వచ్చి నిలబడింది. ‘శనివారం మధ్యాహ్నం పని’ అని రాసినవారు ఇక్కడిదాకా చూసి ఉంటారు.

అయితే బటన్ బయటికి పోతే పక్కకి స్క్రోల్‌బార్ రావాలి కదా, అది ఎందుకు రాలేదు? పాత కమిట్‌లు తవ్వితే తేలింది. చాలాకాలం కిందట ఎవరో ఆ స్క్రోల్‌బార్ అసహ్యంగా ఉందని పై డబ్బాకి ‘ఓవర్‌ఫ్లో హిడెన్’, అంటే పొంగి బయటికి పోయినది దాచేయమని, పెట్టారు. దాంతో కంటికి ఏమీ లేదు, కీబోర్డుకి మాత్రం ఉంది. ట్యాబ్ నొక్కుతూ వెళ్తే ఫోకస్ (కీబోర్డు నొక్కు ఇప్పుడు దేనికి వెళ్తుందో అది) ఆ కనబడని బటన్ మీదకి వెళ్లి, ఇంకో ట్యాబ్ కొట్టేదాకా ఎక్కడుందో తెలియదు. ఆ హిడెన్ తీసేశాను. తీయగానే ఇంకో అయిదారు చోట్ల దాక్కుని ఉన్న పొంగులన్నీ బయటపడ్డాయి. వివరణల్లో చుక్కలతో అతికించిన పొడుగాటి సెట్టింగ్ కీలు (సెట్టింగుకి కోడ్‌లో ఉండే పేర్లు) విరగకుండా గీత దాటి పోతున్నాయి. వాటికి ‘ఓవర్‌ఫ్లో-వ్రాప్’ని ‘ఎనీవేర్’గా మార్చాలి. ‘బ్రేక్-వర్డ్’ కూడా మాటని విరుస్తుంది కానీ కనీస వెడల్పు లెక్కలోకి ఆ విరుపుని తీసుకోదు, అందుకే కొన్ని చోట్ల అది పెట్టినా డబ్బా తగ్గలేదు.

ఇప్పుడు అక్షరాలు మడతపడి రెండో లైనులోకి వచ్చాయి. వచ్చీ రాగానే కింది వరుస మీద ఎక్కి కూర్చున్నాయి.

తీగ లాగితే డొంకంతా కదిలిందంటారే, అది ఇక్కడ. సెట్టింగులు వందల్లో ఉంటాయి కాబట్టి అన్నిటినీ ఒకేసారి గీయరు. కనబడే వరుసలనే గీసి, స్క్రోల్ చేస్తుంటే పైకి పోయిన వరుసనే తెచ్చి కింద కొత్త సెట్టింగుకి వాడతారు. ఇలా చేయాలంటే ప్రతి వరుస ఎత్తు ముందే తెలియాలి. అందుకని తెర వెనక ఒక కనబడని డబ్బాలో వరుసని గీసి, కొలిచి, ఆ ఎత్తు గుర్తుపెట్టుకుంటారు. వెడల్పు మారినప్పుడు ఆ పాత కొలతని పారేయాలి. పారేయడం లేదు. అప్పటిదాకా అక్షరాలు మడతపడేవే కావు గనక ఎవరికీ తెలియలేదు.

వెడల్పుని గమనించడానికి రిసైజ్ అబ్జర్వర్ పెట్టాను. కన్సోల్ నిండా ‘రిసైజ్ అబ్జర్వర్ లూప్’ అన్న ఎర్ర హెచ్చరికలు. కొలత మారితే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే స్క్రోల్‌బార్ వస్తుంది, స్క్రోల్‌బార్ వస్తే వెడల్పు తగ్గుతుంది, మళ్లీ కొలత. స్క్రోల్‌బార్‌కి చోటు ఎప్పుడూ విడిచిపెట్టి ఉంచి, కొలతని తర్వాతి ఫ్రేమ్‌కి వాయిదా వేస్తే సద్దుమణిగింది.

తర్వాత వచ్చింది నాకు అన్నిటికంటే విసుగు తెప్పించినది. నా మానిటర్ మీద బాగుంది, ఇంకో లాప్‌టాప్ మీద వివరణల చివరి లైను అడుగు తెగుతోంది. ఒక్క పిక్సెల్ కూడా కాదు, అంతకంటే తక్కువ. ఆ లాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతం. కొలిచే కోడ్ ‘ఆఫ్‌సెట్ హైట్’ వాడుతోంది, అది ఎప్పుడూ పూర్ణాంకమే ఇస్తుంది. 61.4 ఉంటే 61 అంటుంది. ‘గెట్ బౌండింగ్ క్లయింట్ రెక్ట్’ అయితే భిన్నంతో సహా చెబుతుంది, దాన్ని పైకి సవరించుకుంటే చాలు. మార్పు అరలైను. దాన్ని పట్టుకోవడానికి రోజుల తరబడి స్కేలింగ్ మార్చడం, ఎడిటర్ మూసి తెరవడం, భూతద్దంతో చూడడం. ఇదే సందర్భంలో లేబుల్ డబ్బాలో తెలుగు అక్షరాలు పెట్టి చూశాను. ఎత్తుని పిక్సెళ్లలో బిగించడంతో వత్తులన్నీ సగానికి తెగాయి. ఇంగ్లిష్‌లో ఎంత చూసినా తెలియని సంగతి, ‘స్త్ర’ పెడితే వెంటనే తెలిసింది. బిగింపు ఎత్తు తీసి కనీస ఎత్తు పెట్టాను.

లేఅవుట్ మార్పుల్ని ఫిబ్రవరి నెలాఖరుకి పుల్ రిక్వెస్ట్‌గా (ప్రాజెక్ట్‌లో కలుపుకోమన్న అభ్యర్థన) పంపాను. వెంటనే రెండు ఆటోమేటిక్ సందేశాలు వచ్చాయి. ఒకటి, కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం పెట్టమని. రెండు, స్క్రీన్‌షాట్ పరీక్షలు ఫెయిల్. వరుసల ఎత్తు మారింది కాబట్టి సెట్టింగ్స్ కనబడే ప్రతి బొమ్మా మారింది. వాటిని నా మెషీన్‌లో మళ్లీ తీసి పెడితే ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఎందుకంటే ఫాంట్ గీసే పద్ధతి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది. సర్వర్ మీద తీసిన బొమ్మలనే దించుకుని పెట్టాలి. ఇది ఏ గైడ్‌లోనూ రాసి లేదు, పాత పుల్ రిక్వెస్టుల వ్యాఖ్యల్లో దొరికింది.

మనిషి చూడడానికి మూడు వారాలు దాటింది. అంతసేపూ రోజుకోసారి పేజీ తెరిచి చూసుకోవడం, ఎవరైనా నాకంటే వెనక పంపినది ముందు మెర్జ్ అయితే (అసలు కోడ్‌లో కలిస్తే) మనసులో కొంచెం మండడం, ఇవన్నీ ఉన్నాయి. రివ్యూ మాత్రం వచ్చిందంటే బాగా వచ్చింది. లేత థీమ్, ముదురు థీమ్, హై కాంట్రాస్ట్, ఈ మూడింటిలో ముందూ తర్వాతా బొమ్మలు అడిగారు. హై కాంట్రాస్ట్‌లో తెరిస్తే వరుసల ఎత్తు మళ్లీ తప్పు. ఆ థీమ్ ఇన్‌పుట్‌లకి చుట్టూ బోర్డర్ కలుపుతుంది, కొలిచే డబ్బాకి ఆ థీమ్ క్లాస్ లేదు. పైగా ఫోకస్ చుట్టూ వచ్చే గీతని ‘బాక్స్ షాడో’తో వేశారు. విండోస్ కాంట్రాస్ట్ థీమ్‌లు పెట్టుకున్నప్పుడు బ్రౌజర్ ఇంజిన్ నీడలన్నిటినీ తీసేస్తుంది, దాంతో ఫోకస్ ఎక్కడుందో తెలియనే తెలియదు. ‘ఔట్‌లైన్’కి మార్చాను. ఔట్‌లైన్ చోటు తినదు కాబట్టి ఎత్తుల లెక్కా చెదరదు. మార్చి ఆఖరుకి లేఅవుట్ మెర్జ్ అయింది.

ఆ మూడు వారాల ఖాళీలో రెండో టికెట్ పట్టుకున్నాను. స్క్రీన్ రీడర్ కొనాలేమో అనుకునేవాళ్లకి: విండోస్‌లో ఎన్‌వీడీఏ ఉచితం, మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ లోపలే ఉంటుంది, లినక్స్‌లో ఓర్కా ఉచితం. నాకు మ్యాక్ లేదు, మిత్రుడి దగ్గర సాయంత్రాలు అరువు తెచ్చుకున్నాను. ఎన్‌వీడీఏలో ‘స్పీచ్ వ్యూయర్’ తెరిస్తే అది మాట్లాడేదంతా అక్షరాల్లో కనబడుతుంది. మొదటి గంటలో అది లేకపోతే నేను పారిపోయేవాణ్ణి, అంత వేగంగా మాట్లాడుతుంది.

చెక్‌బాక్సు పేరు ‘ఏరియా-లేబుల్డ్‌బై’ ద్వారా వస్తోంది, అంటే ‘నా పేరు ఫలానా ఐడీ ఉన్న మూలకంలో ఉంది, చూసుకో’ అని. ఆ ఐడీని సెట్టింగు పేరుతో తయారుచేస్తున్నారు. వరుసని కొత్త సెట్టింగుకి వాడినప్పుడు లేబుల్ ఐడీ మారుతోంది, చెక్‌బాక్సు చూపించే ఐడీ మాత్రం పాతదే. పాత ఐడీ పేజీలో ఎక్కడా లేకపోతే పేరు ఉండదు, ఉత్త ‘చెక్ బాక్స్’. టికెట్‌లో రాసింది ఇదే.

రాయనిది ఇంకోటి ఉంది. కిందికి, పైకి కొన్నిసార్లు స్క్రోల్ చేసి ట్యాబ్ కొడితే, ఆ పాత ఐడీ అప్పటికి ఇంకో వరుసలో బతికి ఉంటుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ ఆ వరుస పేరు చదువుతుంది. ఆటో సేవ్ అని వినబడుతుంది, స్పేస్ నొక్కితే మారేది ఇంకేదో. మొదటిసారి విన్నప్పుడు నేనే సరిగ్గా వినలేదనుకున్నాను. స్పీచ్ వ్యూయర్‌లో అక్షరాలా కనబడ్డాక చాలాసేపు ఏమీ చేయబుద్ధి కాలేదు. పేరు లేని చెక్‌బాక్సు దగ్గర మనిషి కనీసం ఆగి అనుమానపడతాడు. తప్పు పేరు చెప్పే చెక్‌బాక్సుని నమ్మేసి ముందుకు పోతాడు, ఆ తర్వాత ఫైళ్లు ఎందుకు వింతగా సేవ్ అవుతున్నాయో తెలియక తల పట్టుకుంటాడు.

సరిచేయడం తేలికే. ఐడీని సెట్టింగుకి కాకుండా వరుసకి కట్టేయాలి. వరుస పుట్టినప్పుడు ఒక అంకె ఇచ్చి, ఇక మార్చకూడదు. లోపలి అక్షరాలు మాత్రమే మారతాయి. దాంతోపాటు ఇంకోటి కలిపాను: మార్చిన సెట్టింగుకి ఎడమ పక్కన రంగు గీత తప్ప వేరే గుర్తు లేదు, చూడలేనివాళ్లకి అది లేనట్టే. ‘మార్చబడింది’ అన్న మాటని వివరణలో చేర్చాను. పేరులో చేర్చలేదు, ఎందుకంటే వందల వరుసలు వింటూ పోయేవాళ్లకి పేరు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇది పెద్ద చర్చ లేకుండా ఏప్రిల్ మొదట్లోనే మెర్జ్ అయింది.

చర్చంతా మూడోదాని మీద, ఆ క్యాపిటల్ అక్షరాల మీద. మూడింట్లోకీ తేలికైనదని చివరికి ఉంచుకున్నది అదే.

లేబుళ్లు ఎవరూ రాసినవి కావు. సెట్టింగ్ కీని చిన్న అక్షరం తర్వాత పెద్ద అక్షరం వచ్చిన చోటల్లా విడగొట్టి, ప్రతి ముక్కకీ మొదటి అక్షరం క్యాపిటల్ చేసే ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల అమరికని పట్టుకునే సూత్రం) వాటిని తయారుచేస్తుంది. అందుకే సీఎస్ఎస్ అలా వస్తోంది. అదే సూత్రం జావాస్క్రిప్ట్‌ని జావా, స్క్రిప్ట్ అని రెండు మాటలు చేస్తుంది, గిట్‌హబ్‌నీ అంతే. నేను తెలిసిన పేర్ల జాబితా ఒకటి పెట్టి, ముందు అందులో చూసుకోమన్నాను. ఒక మెయింటెయినర్ (ప్రాజెక్ట్‌ని చూసుకునేవారు), జాబితా ఎప్పటికీ పూర్తికాదు, ప్రతి సెట్టింగుకీ శీర్షిక విడిగా రాయాలన్నారు. ఇంకొకరు, అన్ని శీర్షికలు ఎవరు రాస్తారు, ఎవరు అనువదిస్తారు అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే, అందుకే వారంపైన నడిచింది. చివరికి జాబితానే నిలిచింది. కీని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దన్నారు. జనాల సెట్టింగ్స్ ఫైళ్లలో ఉండేది ఆ కీనే, దాన్ని మారిస్తే వాళ్ల సెట్టింగులు చడీచప్పుడు లేకుండా పనిచేయడం మానేస్తాయి.

లేబుల్ మార్చగానే వెతుకులాట పరీక్షలు కూలాయి. వెతికే కోడ్ లేబుల్‌లోని మాటలనే చూస్తోంది, కాబట్టి ఇన్నాళ్లూ ‘స్క్రిప్ట్’ అని కొడితే దొరికిన సెట్టింగులు ఇప్పుడు దొరకవు. విడగొట్టిన పాత రూపాన్ని కూడా వెతుకులాటకి లోపల దాచి ఉంచాల్సి వచ్చింది. డాక్యుమెంటేషన్‌లో బొమ్మలు పాతబడ్డాయి. ఇవన్నీ సర్దేసరికి ఆ నెల విడుదలకి స్ట్రింగ్ ఫ్రీజ్ పడింది. అనువాదకుల కోసం కనబడే మాటలేవీ మార్చకూడని గడువు అది. మా మార్పు అనువాదాలని తాకదని, లేబుళ్లు ఇంగ్లిష్ కీలోంచే పుడతాయని వాదించాను. ‘తాకదని మీరంటున్నారు, ఫ్రీజ్ అంటే ఫ్రీజ్’ అన్నారు. ఇంకో నెల ఆగాను. లేబుల్ మార్చే పని ఉంటే ఫ్రీజ్ తేదీ ముందు కనుక్కుని మొదలుపెట్టడం మంచిది.

మే మొదట్లో నైట్లీ బిల్డులోకి (రోజూ రాత్రి తయారయ్యే పరీక్షా రూపం) వెళ్లింది. మర్నాడే ఒకరు, తన వీడియో పాఠంలో చూపిన లేబుల్‌కీ ఇప్పటి లేబుల్‌కీ పొంతన లేదని ఫిర్యాదు పెట్టారు. మొదటి టికెట్ పెట్టినాయన కూడా నైట్లీ వేసుకుని చూశారు. 200 శాతంలో రీసెట్ బటన్ కనబడుతోందట, వరుసలు ఒకదాని మీద ఒకటి పడడం లేదట. దాని కిందే ఇంకో సంగతి రాశారు: షిఫ్ట్ ట్యాబ్‌తో పైకి పోతుంటే, పైన అతుక్కుని ఉండే విభాగం పేరు కింద ఫోకస్ ఉన్న వరుస దాక్కుంటోంది.

ఇది 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో కొత్తగా చేర్చిన నియమాల్లో ఒకటి, ఫోకస్ ఉన్నది పూర్తిగా మరుగున పడకూడదని. మామూలు పేజీలో అయితే ‘స్క్రోల్-ప్యాడింగ్’ ఒక్క లైనుతో పోయేది. ఈ జాబితాలో స్క్రోల్ కూడా సొంతంగా లెక్కగట్టి జరిపేదే కాబట్టి ఆ లైనుకి విలువ లేదు. వరుసని కంటికి చూపించే ఫంక్షన్‌లోనే పై శీర్షిక ఎత్తుని కలపాలి. ఆ ఫంక్షన్‌ని ఫైళ్ల చెట్టు, వెతుకులాట ఫలితాలు కూడా వాడతాయి. కొత్త టికెట్ పెట్టాను, ఈసారి జూమ్ శాతం, విండో వెడల్పు, థీమ్ పేరు మొదటి లైనులోనే రాశాను. జాబితా కోడ్ చూసుకునేవాళ్లు దాన్ని జూన్ పనుల్లో వేసుకున్నారు. ‘కొత్తవాళ్లకు అనువైనది’ ట్యాగు ఎవరో తగిలించబోతే వద్దన్నాను.